పోతురాజుకి చేప ఉండల పులుసు

పటమట చేపల బజారులో సుధామణి బల్ల దగ్గరికి పసిపిల్లల తల్లులు వెతుక్కుంటూ వస్తారు. "మణిగారు కోసిచ్చిన చేపైతే కళ్ళు మూసుకుని పెట్టొచ్చండీ" అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటారు. ఇరవై ఏళ్ళుగా అదే బల్ల, అదే చేతి నేర్పు. అలాంటి మనిషి ఆ బుధవారం బల్ల తెరవలేదు. ఇంట్లో పీట వేసుకుని కూర్చుని, తమ్ముడు తెచ్చిన సంచీలోకి చూసి తల పట్టుకుంది.

"ఒరేయ్ శివాజీ, నేను కొర్రమీను తెమ్మంటే బొచ్చె తెచ్చావేంట్రా?"

"దొరకలేదక్కా. కైకలూరంతా తిరిగా. ఉన్న రెండూ ఎవరో కారాయన ఎత్తుకుపోయాడు."

"కొర్రమీనుకైతే నడుం ముల్లు లాగేస్తే సగం పనైపోయేది. దీనికి వెంట్రుకల్లాంటివి ఎన్నుంటాయో నీకు తెలీదూ? కొల్లేట్లో పుట్టి ఏం లాభం నువ్వు!"

"తిట్టుకుంటూనే ఏరక్కా. నాలుగింటికల్లా అక్కడుండాలి."

అక్కడంటే బెంజ్ సర్కిల్ దగ్గరి ఆసుపత్రిలో, తండ్రి మంచం దగ్గర. పోతురాజుకి పక్షవాతం వచ్చి ఇరవై రెండు రోజులైంది. ఎడమ చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది, మింగుడు పోయింది. ముక్కులోంచి వేసిన గొట్టంతోనే పాలూ జావా పోస్తున్నారు. పెరుగన్నం చెంచాతో రెండుసార్లు పెట్టి చూస్తే రెండుసార్లూ నోరు బిగించేశాడు. మింగడం నేర్పే థెరపిస్టు ఛాయాదేవి సుధామణిని పక్కకు పిలిచి చెప్పింది: "ఆయనకి ఇష్టమైన చేపే ఇంట్లో వండి తెండమ్మా. మెత్తగా ఉండాలి, పులుసు చిక్కగా ఉండాలి. ముల్లే కాదు, మెంతిగింజ కూడా తగలకూడదు. బుధవారం కూడా మింగకపోతే డాక్టరుగారు పొట్టకి గొట్టం వేసేద్దామంటున్నారు."

కొల్లేట్లో వల వేసి బతికిన మనిషికి పొట్టకి గొట్టం.

చేపని పసుపూ ఉప్పూ వేసి ఆవిరికి ఉడికించింది. తోలు ఒలిచి, కండని తిరగేసిన స్టీలు పళ్ళెం మీద పలచగా పరిచింది. ఇక కళ్ళు మూసుకుంది. వేళ్ళకి తెలిసినంతగా కళ్ళకి తెలియదని వాళ్ళమ్మ పెద్దింట్లమ్మ నేర్పిన పద్ధతి అది. వేలికొసతో నెమ్మదిగా రాస్తూ పోతుంటే ముల్లు ఎక్కడుందో అక్కడ గుచ్చుతుంది. ఒకసారి ఏరింది. మళ్ళీ పరిచి ఏరింది. మూడోసారి ఒక్కటీ తగల్లేదు. హమ్మయ్య అనుకోబోయి, నమ్మకం చాలక నాలుగోసారి పరిచింది. తగిలింది. కనురెప్ప వెంట్రుకంత ముల్లు.

దాన్ని గోడకేసి విసిరికొట్టి, ఐదోసారి మొదలెట్టింది. శివాజీ గడియారం వంక చూశాడు.

ఏరిన కండలో బియ్యప్పిండి, అల్లం, గుడ్డు తెల్లసొన కలిపి మెత్తగా నూరింది. ఉల్లిపాయలు ముద్ద చేసి వేయించి, చింతపండు పులుసు పోసి, బెల్లం ముక్క వేసి మరిగించి, పలచటి గుడ్డలో వడగట్టింది. మళ్ళీ పొయ్యి మీద పెట్టి, తడిచేత్తో ఉండలు చేసి ఒక్కొక్కటే జారవిడిచింది. శివాజీ గరిటె అందుకోబోతే చేతి మీద ఒక్కటేసింది.

"గరిటె పెడితే చితుకుతాయిరా! గిన్నె తిప్పాలి."

గుడ్డతో అంచులు పట్టుకుని గిన్నెని గుండ్రంగా ఊపింది. ఉండలు పైకి తేలాయి. చవి చూడటానికి నోట్లో వేసుకుంది గానీ, ఉప్పు సరిపోయిందో లేదో ఆ కంగారులో తెలియలేదు.

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా వార్డులో ఉన్నారు. మంచం తల ఎత్తి పోతురాజుని నిటారుగా కూర్చోబెట్టారు. టిఫిను మూత తీయగానే అతని ముక్కుపుటాలు కదిలాయి. ఛాయాదేవి అర చెంచా పులుసులో ఉండ ముక్క చిదిమి నోట్లో పెట్టింది. ఈసారి నోరు తెరిచాడు.

"మింగండి తాతగారూ."

మింగలేదు. ముద్ద కుడి బుగ్గలోకి వెళ్ళి ఆగిపోయింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఛాయాదేవి పెదవి విరిచి, దూదితో ముద్ద బయటికి తీసేసింది.

"బుగ్గలో ఉండిపోతోందమ్మా. నోట్లో ఉన్న సంగతే ఆయనకి తెలియట్లేదేమో. ఎప్పుడో ఊపిరితిత్తుల్లోకి జారితే కష్టం. ఇంకొక్కసారి చూసి, పొట్ట గొట్టానికే రాసేస్తాను."

రెండో చెంచా. మళ్ళీ అదే బుగ్గ. శివాజీ కిటికీ వైపు తిరిగిపోయాడు. సుధామణి మాత్రం తండ్రి బుగ్గ వంకే చూస్తోంది. చర్మం కింద నాలుక కదులుతోంది. కింది నుంచి పైకి, పై నుంచి పంటి వెనక్కి, తొందర లేకుండా. చిన్నప్పుడు అన్నాల దగ్గర రోజూ చూసిందే. చేప తినేటప్పుడు నాన్న మాట్లాడేవాడు కాదు. నాలుకతో మొత్తం వెతికి, ముల్లుని పెదవి చివరికి తెచ్చి, అప్పుడు మింగేవాడు.

"తెలియకపోవడం కాదు మేడం! వెతుకుతున్నాడు!"

"ఏం వెతుకుతున్నారు?"

"ముల్లు. అది దొరికితేగానీ మింగడు. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాడండీ?"

తండ్రి చెవి దగ్గరికి వంగింది. "నాన్నా, ముల్లు లేదు. నేనే ఏరా."

పోతురాజు కూతురి వంక చూశాడు. నాలుక ఆగలేదు.

"నువ్వు చెబితే నమ్ముతాడేంటక్కా" అన్నాడు శివాజీ, కిటికీ దగ్గర్నుంచే.

సుధామణి తండ్రి కుడిచెయ్యి తుడిచి, ఒక ఉండని అరచేతిలో పెట్టింది. అతను బొటనవేలితో దాన్ని నలిపాడు. వేళ్ళ మధ్య రాశాడు. ఇటు రాశాడు, అటు రాశాడు. కళ్ళు మూసుకున్నాడు.

గొంతు మీద ఆనించి ఉంచిన ఛాయాదేవి వేళ్ళ కింద కంఠం పైకి లేచి, కిందికి దిగింది.

దగ్గు రాలేదు.

"ఆ... అనండి తాతగారూ."

"ఆ" అన్నాడు పోతురాజు. బొంగురుగానే, గురగుర లేకుండా.

"గొంతులో ఏం మిగల్లేదు" అంది ఛాయాదేవి, తనే నమ్మలేనట్టు. ఐదు చెంచాలు పెట్టి, ఐదుసార్లూ "ఆ" అనిపించి విన్నది. ముక్కు గొట్టం ఇంకొన్నాళ్ళు ఉంచాల్సిందేననీ, పొట్ట గొట్టం అక్కర్లేదని తను డాక్టరుగారితో చెబుతాననీ అంది. తర్వాత కేసు షీటు అందుకుని రాసింది. శివాజీ భుజం మీంచి తొంగి చదివి ఫక్కున నవ్వాడు.

"ఏం రాశారండీ?" అంది సుధామణి కళ్ళు తుడుచుకుంటూ.

"చేపైతే ప్రతి ముద్దా ముందు పేషెంటు చేతికివ్వవలెను, అని" అంది ఛాయాదేవి.

సుధామణి ఇంకో ఉండ తీసి తండ్రి అరచేతిలో పెట్టింది. అతను దాన్ని చిదిమి, కిటికీ వెలుతురుకి పట్టి, తాపీగా చూడటం మొదలెట్టాడు.