పడవ మీద చెయ్యి

ఓడల్లో వంటవాడిగా ముప్పయ్యేళ్లు తిరిగాను. తాటిచెట్టంత అలల మీద కూడా సాంబారు తొణకనివ్వలేదని ఊళ్లో చెబుతుంటాను. నిజానికి మామూలు గాలికే సగం సాంబారు నేలపాలయ్యేది. నా మాటల్లో ఎప్పుడూ సగం తీసేసుకోవాలి. మా మేనల్లుడి నడుము విషయంలో మాత్రం తీసెయ్యాల్సింది ఏమీ లేదు. వాడూ ఓడ మీద పనిచేసేవాడే. ఓడను రేవుకు కట్టే తాడు తెగి, వచ్చి వాడి నడుము మీద కొట్టింది. అప్పటినుంచి వంగి చెంబెడు నీళ్లు తీసుకోవాలన్నా భార్యను పిలుస్తాడు.

కంపెనీ డాక్టరు వాణ్ణి అటు తిప్పి ఇటు తిప్పి, బాగానే ఉన్నాడు, పనికి వెళ్లొచ్చు అని రాసిచ్చాడు. సరే, అయితే ఓడ ఎక్కించండి అని వెళ్తే, అదే కంపెనీ ఈ నడుముతో ఎక్కించుకోలేమంది. నష్టపరిహారం అడిగినప్పుడు వాడు పహిల్వాను, ఉద్యోగం అడిగినప్పుడు రోగి. ఈ మాట విన్నప్పుడు కుళ్లిన చేప చేతికి తగిలినట్టయింది. పరిహారం వస్తే తప్ప వాడింట్లో పొయ్యి వెలిగే దారి లేదు. అందుకే కేసు వేశాడు.

విచారణ రోజు చెన్నైకి తోడు వెళ్లాను. నా ఇంగ్లీషుకు కేసు వినే ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడని ఊళ్లో కనీసం నలుగురికి చెప్పాను. లేచిన మాట నిజమే, ఫ్యాను వేసుకోవడానికి.

కంపెనీ లాయరు ఫోను తీసి ఒక వీడియో చూపించాడు. మా ఊరి తీరం. పదిమంది కలిసి ఫైబర్ పడవను ఇసుక మీదికి తోస్తున్నారు. వాళ్ల మధ్యలో మా వాడు, రెండు చేతులూ పడవ మీద. ఎవరినో పంపి, రోడ్డు మీద కారు ఆపి తీయించారట.

మా తీరంలో ఒక పద్ధతి ఉంది. పడవ ఒడ్డుకొచ్చేటప్పుడు దగ్గరున్నవాడు ఎవడైనా దాని మీద చెయ్యి వెయ్యాలి. ముసలివాడైనా సరే, జ్వరంతో ఉన్నవాడైనా సరే. బలం పెట్టక్కర్లేదు, చెయ్యి ఆనిస్తే చాలు. ఆనించినవాడికి కూరకు గుప్పెడు చేపలిస్తారు. ఊరికే చూస్తూ నిలబడితే, ఆ పడవ మునిగినా వాడికేం పట్టదని అర్థం. మా వాడు చేసింది అంతే. పక్కనే నేనూ ఉన్నాను, పడవంతా నేనే తోస్తున్నట్టు పళ్లు బిగబట్టి. నాకీ వయసులో కుర్చీ జరపడమే గగనం.

ఆఫీసరుకు అదే చెప్పాను. "సార్, ఇందులో అందరికన్నా గట్టిగా తోస్తా ఉండేది నేను. నన్ను గూడా ఓడెక్కిస్తారా?"

ఆఫీసరు నవ్వాడు. లాయరు నవ్వలేదు. "చెయ్యి పడవ మీద ఉందా, లేదా? అంతవరకే చెప్పండి పెద్దాయనా," అన్నాడు.

ఉందన్నాను. ఇంకేమనగలను?

తీర్పు ఇంకా రాలేదు. మరో డాక్టరుకు చూపించాలట. అది తేలేదాకా పడవల దగ్గరికి పోవద్దని, ఇంట్లో బిందె కూడా ముట్టుకోవద్దని మా లాయరమ్మ వాడికి గట్టిగా చెప్పింది.

మొన్న పొద్దున పడవ వచ్చింది. వాడు చేతులు చంకల్లో దూర్చుకుని ఒడ్డున కూర్చున్నాడు.

"ఏందన్నా, పెళ్లికొడుకు మాదిరి కూర్చోనుండావు. వచ్చి చెయ్యెయ్యి," అని పడవ కుర్రాడొకడు పిలిచాడు. మా వాడు మొహం తిప్పుకున్నాడు. ఇంత నీచం నేను ఏ సముద్రంలోనూ చూడలేదు. నడుము పోయింది చాలదని మనిషికి చేతులు కూడా కట్టేశారు.

నేను వెళ్లి రెండు చేతులూ పడవ మీద వేశాను. ఒకటి నాది, ఒకటి మా వాడిది, రెండు వంతులు కావాలన్నాను. ఇచ్చారని రాద్దామనుకున్నాను గానీ, ఇవ్వలేదు. "తాతా, నీ రెండు చేతులకీ కలిపి అర వంతే ఎక్కువ," అని నవ్వి, కవరులో నాలుగు కవళ్ల చేపలు వేశారు.

ఆ కవరు తెచ్చి వాడి ముందు పెట్టాను. ఇంట్లో కూర లేదని నాకు తెలుసు. అయినా వాడు కవరు అందుకోలేదు.

"రోడ్డు మీద ఎవురన్నా ఫోన్లో తీస్తా ఉండారేమో చూడు మామా," అన్నాడు.

చూశాను. ఎవరూ లేరని చెప్పాను. అప్పుడు గానీ వాడు చంకలోంచి చెయ్యి తియ్యలేదు.