పాలకుండ డాక్టరు

బర్రె కనబడితే వీపు మీద చరచడం ఒక్కటే మా పశువుల డాక్టరుకు తెలిసిన వైద్యం. చరిచి, "పాలకుండ తల్లీ, పాలకుండ!" అనేవాడు. ఒట్టిపోయిన గొడ్డునైనా అంతే. ఆయన చదువంతా ఆ అరచేతిలోనే ఉండేది. ఎనభైల మొదట్లో మదనపల్లె దగ్గర ఆయన కింద నేను కాంపౌండరును.

సుగాలి తాండాలకు ప్రభుత్వం సబ్సిడీ బర్రెలిచ్చిన ఏడాది, పుంగనూరు సంతలో దళారి చూపించిన వాటినే ఈయన తెచ్చాడు. పంపిణీ రోజు ఒక్కో బర్రె పక్కన ఒక్కో దూడను నిలబెట్టి ఫొటోలు తీయించాడు. ఒక సుగాలామెకు ఇచ్చిన బర్రె పక్కనున్న దూడను కొమ్ముతో నెట్టేసింది.

"సామీ, ఇది దీని దూడ కాదు."

"గవర్నమెంటు దూడకే వంకలు పెడతావా?" అంటూ మళ్లీ వీపు చరిచాడు.

సాయంత్రానికి దళారి తన అద్దె దూడలన్నిటినీ తోలుకుపోయాడు. సొంత దూడ మూతి పెట్టందే బర్రె పాలు చేపదని తాండాలో పసిపిల్లలకు కూడా తెలుసు. వారం తిరక్కుండా ఆమె బర్రెను తోలుకొని ఆసుపత్రికి వచ్చింది.

"దూడను మీవోళ్లే తోలుకపోయిరి. ఎనుము చుక్క పాలు గూడా ఇయ్యలేదు సామీ."

డాక్టరు కుర్చీలోంచి లేవకుండా ఫైలు తెరిచి ఫొటో చూపించాడు. "ఇదో, దూడ ఉండాది కదా! నువ్వే అమ్ముకోనుంటావు."

ఆమె ఆ ఫొటోకేసి వంగి చూసింది.

"అయితే ఈ పటాన్నే ఎనుముకు చూపించి పిండు సామీ. చెంబు నేను తెచ్చినా."

ఆయన ఫైలు మూసేశాడు. ఆ ఫొటోలో దూడ తాడు పట్టుకొని నవ్వుతున్నది నేనే.