అరువు తెచ్చిన నెమరు

నా చిన్నప్పుడు, హనుమాన్ జంక్షన్ అవతల పల్లెలో, మా ఇల్లంతా ఒక్క పాడిగేదె మీద బతికేది. నాన్న అప్పటికే లేడు. అమ్మ, నాయనమ్మ, నేను. అది పాలిస్తేనే మా పొయ్యి వెలిగేది.

ఓ ఆదివారం చర్చిలో విందయింది. మిగిలిన అన్నం పారబొయ్యడం ఎందుకని అమ్మ రెండు బకెట్లు తెచ్చి గేదె ముందు పెట్టింది. ప్రేమగానే పెట్టింది పాపం. అదీ ఇష్టంగానే తినేసింది. మర్నాడు పొద్దున చూస్తే లేవదు, మెయ్యదు, నెమరు వెయ్యదు. పొట్ట ఉబ్బి బిగుసుకుపోయింది.

పశువుల డాక్టరుగారు వచ్చి మందు పోశారు. అన్నం పులిసి, దాని కడుపులో ఉండాల్సిన కంటికి కనబడని మంచి పురుగులు చచ్చిపోయాయన్నారు. మందుతో పులుపు తగ్గుద్దిగానీ ఆ పురుగులు ఇంకో గేదె నుంచే రావాలి, ఆరోగ్యంగా ఉన్నదాని నెమరు ముద్ద తీసి సాయంత్రంలోపు పట్టండమ్మా అని చెప్పి, ఇంకో ఊళ్ళో పశువు కోసం వెళ్ళిపోయారు.

పక్కింటి పెద్దమ్మ గేదె నల్లగా నిగనిగలాడతా ఉండేది. అమ్మ అటు పరిగెత్తబోయింది. నాయనమ్మ ఆపి, తనే వెళ్ళి దాని వెనక నిలబడింది. పేడ వేసేదాకా కదల్లేదు. నీళ్ళలాగా పడింది. ఏమన్నా మందు వేయించావా అని అడిగితే, మొన్ననే జ్వరానికి సూదులు వేయించామంది పెద్దమ్మ.

"అయితే దీని కడుపే బాగుపడలేదు, మనకేం ఇస్తుంది," అని నాయనమ్మ బయటికొచ్చేసింది.

అమ్మకి ఏడుపు ఆగలేదు. "అక్కడది చస్తా ఉంటే నువ్వు పేడలు చూసుకుంటా తిరుగుతున్నావా అత్తా?"

"చస్తున్నదాని నోట్లో ఇంకో రోగం కుక్కమంటావా?" గొంతు పెంచకుండానే అంది నాయనమ్మ.

నన్ను మా గేదె పక్కన కూర్చోబెట్టి, ఎడమ డొక్కకి చెవి ఆనించి వినమంది. బాగున్న గేదె కడుపులో దూరాన ఉరిమినట్టు ఉంటుందట. నాకేమీ వినబళ్ళేదు. దాని చెవులు చల్లబడతా ఉన్నాయి.

మా పాకకి ఎదురుగా, కాలవగట్టున, ఒకాయన ముసలి గేదె ఉండేది. ఎముకలు కనబడేవి. ఎండుగడ్డి తప్ప ఎరగదు. ఆయన్ని అడిగి నాయనమ్మ దాని ముందు కూర్చుంది. అది మేసింది. పేడ గట్టిగా వేసింది. పడుకుని నెమరు మొదలెట్టింది. అప్పటిదాకా కదలని మనిషి, గొంతులోంచి ముద్ద పైకి రావడం చూసి దాని నోట్లో చెయ్యి పెట్టి లాగేసింది. వాసన చూసి అమ్మకీ చూపించింది. తడిగడ్డి వాసన, పులుపు లేదు. అట్లా కొన్ని ముద్దలు తీసి, గోరువెచ్చని నీళ్ళలో పిసికి, వెదురు గొట్టంతో మా గేదెకి పట్టింది.

పొద్దు వాలింది. అమ్మ ప్రార్థన చేసుకుంటా ఉంది. నేను చెవి తియ్యలేదు. లోపలెక్కడో సన్నగా గుడగుడమంది. చెప్పలేదు, అబద్ధమవుద్దేమోనని. మళ్ళీ వచ్చింది. అప్పుడు చెప్పాను. చీకటి పడేలోగా దాని దవడ కదిలింది. అమ్మ నాయనమ్మ కాళ్ళ దగ్గర కూలబడిపోయింది.

ఇప్పుడు మా మనవరాలు విజయవాడలో మందులు తయారుచేసే ల్యాబులో ఇట్లాంటి పనే చేస్తోంది. మనుషుల కడుపులోంచి తీసిన మంచి బాక్టీరియాలో ఏది పులుపుకి తట్టుకుంటుంది, ఏది పేగుల్లో నిలుస్తుంది, ఏది హాని చెయ్యదు అని ఒక్కోదానికీ పరీక్ష పెడతారట. గాజు గిన్నెలో బాగా పెరిగిందల్లా మందు కాదట. పైవాళ్ళు తొందరపెడుతున్నారని మొన్న కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తొందరపెడితే పెట్టనీ, నువ్వు మీ నాయనమ్మమ్మలాగా కూర్చుని చూడవే అన్నాను.

మా ఆయన మంచాన పడ్డప్పుడు, మంచిదంటే మంచిదని ఎంతమంది ఎన్ని పసర్లు, పొడులు తెచ్చారో. అందరినీ ఒకటే అడిగాను, ఇది ఎవరికిచ్చారు, వాళ్ళిప్పుడు ఎట్టా ఉన్నారు అని. చాలామంది తెచ్చింది తెచ్చినట్టే తీసుకుపోయారు. ఆయన దక్కలేదు. కానీ అడక్కుండా నా చేత్తో ఆయన నోట్లో ఏదీ పెట్టలేదు. ఆ ఒక్క సంగతి తల్చుకునే నేను రాత్రిళ్ళు నిద్రపోతున్నాను.