అత్తగారికి మాంగో నీళ్ళు

మా అత్తగారి ఆపరేషను దివ్యంగా జరిగింది. ఆ తర్వాత ఆవిడను కోలుకునేలా చేసే బాధ్యత నా చేతిలో పెట్టారు. ఘోరం అక్కడ మొదలైంది. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. నేను తప్ప జంషెడ్‌పూర్‌లో అందరూ ఎప్పుడో నవ్వేసుకున్నారు.

డెబ్బయ్యో దశకం చివరి రోజులు. పెళ్ళై కొద్ది నెలలే అయింది. ఆ ఊళ్ళోనే సిద్ధగోరా పేటలో కాపురం. మా ఆయనది కర్మాగారంలో షిఫ్టుల ఉద్యోగం. ఇంట్లో ఉంటే నిద్ర, మెలకువగా ఉంటే డ్యూటీ. నాకు చీపురుపల్లి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. వీధి అంతా హిందీ. కూరలమ్మే అతను బయట కేకేస్తే నేను లోపల గడియ వేసుకునేదాన్ని. కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డు మీద బస్సుల్ని చూస్తూ, మా అమ్మను తలుచుకుని ముక్కు చీదుకోవడం నా దినచర్య.

మా అత్తగారు అప్పలనర్సమ్మ అలా కాదు. భుయ్యాడీహ్ బజారులో చేపలవాళ్ళు ఆవిడ హిందీ వినగానే బేరం మానేసి చేప చేతిలో పెట్టేసేవారు. కాలుతున్న కొసను నోటి లోపలికి పెట్టుకుని అడ్డచుట్ట పీలుస్తూనే ముగ్గురితో పోట్లాడగలదు. పచ్చిమిరపకాయల్ని మనం అటుకులు నమిలినట్టు నమిలేది. అంతటి మనిషికి పిత్తాశయంలో రాళ్ళు పడ్డాయి. కోసి తీశారు.

ఇంటికి పంపే రోజున మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. నోటి నిండా తమలపాకులతో డాక్టరు వచ్చి, మంచం పక్కన వణుకుతూ నిలబడ్డ నాకు హిందీలో జాగ్రత్తలు చెప్పాడు. పాపం, మంచివాడు, నా మొహం చూసి అభినయం కూడా చేశాడు. చుట్ట కాల్చినట్టు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు: చుట్ట బంద్. మిరపకాయ కొరికి "హా" అన్నాడు: కారం బంద్. రెండు వేళ్ళను బల్ల మీద నడిపించాడు: పొద్దునా సాయంత్రమూ నడక. బిందె ఎత్తినట్టు ఎత్తి నడుం పట్టుకున్నాడు: బరువులు ఎత్తకూడదు. చివరిగా అభినయం లేకుండా ఒక మాటన్నాడు. నాకు వినబడింది ఇది: "ఔర్ రోజ్ మాంగో కా పానీ!"

నా ఛాతీ ఉప్పొంగింది. ఎందుకంటే నాకు అర్థమైన మొట్టమొదటి హిందీ వాక్యం అదే. పానీ అంటే నీళ్ళు. మాంగో అంటే సువర్ణరేఖ నదికి అవతల ఉన్న పేట. మా కిటికీ కింద కండక్టర్లు "మాంగో, మాంగో" అని రోజంతా అరుస్తూనే ఉంటారు.

ఇంటికొచ్చాక అత్తగారికి గొప్పగా చెప్పాను. "అత్తా, నువ్వు రోజూ మాంగో నీళ్ళు తాగాలట."

ఆవిడ నన్ను కాసేపు తేరిపార చూసింది. "ఏటీ, మాంగో నీళ్ళా?"

"ఔను. డాక్టరు గట్టిగా సెప్పినాడు."

"అలగైతే తేవాల మరి. నాను కదల్లేను. ఆడు డూటీకెల్తాడు. నువ్వే ఎల్లాల, సత్తీ."

"నానా? నాకు దారి తెల్దు, బాస తెల్దు!"

"నోరుంది కదేటి? అడుగు."

అంతే, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆవిడ భుజాలు గజగజ కదులుతున్నాయి. కుట్లు సలుపుతున్నాయి కాబోలని నేను కన్నీళ్ళు పెట్టుకున్నాను.

మర్నాడు మూత ఉన్న క్యాను పట్టుకుని బయల్దేరాను. మంచం మీది నుంచి మా ఆయన లేచి, "ఎక్కడికీ?" అన్నాడు. విషయం చెప్పాను. అతను నోరు తెరిచాడు. లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినబడింది: "ఒరే, నోరు ముయ్యి!" మూసేశాడు. దుప్పటి కప్పుకున్నాడు. దుప్పటి కూడా కదిలింది.

బస్సులో బిక్కుబిక్కుమంటూ కూర్చుని, బ్రిడ్జి దాటి, మాంగోలో దిగాను. ఒక ఇంటి ముందు బావి, దాని గట్టు మీద ముసలమ్మ. అందరూ ఆవిడను నానీ, అంటే అమ్మమ్మా, అంటున్నారు. నేను క్యాను చాపి, "మాంగో కా పానీ!" అన్నాను.

"మీ ఇంట్లో నల్లా రాదా?" అని హిందీలో అడిగింది, కుళాయి తిప్పినట్టు చెయ్యి తిప్పుతూ.

"నల్లా ఉంది. అత్తకు పొట్ట..." అని నా పొట్ట మీద కోత గీసి చూపించి, "డాక్టర్ బోలా!" అన్నాను.

నానీ కళ్ళు పెద్దవయ్యాయి. బావిలోకి ఒకసారి తొంగి చూసింది, ఇన్నాళ్ళూ ఇందులో ఇంత మహిమ ఉందని నాతో ఎవరూ అనలేదేమిటి అన్నట్టు. బిస్మిల్లా అనుకుని తానే చేది, క్యాను నింపింది.

ఇక రోజూ అదే పని. ఒక్క నెలలో నానీ నాకు వంకాయ నుంచి వియ్యపురాలి దాకా అన్నింటికీ హిందీ నేర్పింది. కండక్టరు చిల్లర ఇవ్వకపోతే దబాయించే స్థాయికి వచ్చాను.

ఇక్కడ ఇంట్లో మా అత్తగారు చేసిన తపస్సు చెప్పాలి. ఆవిడను చూసి మునులు సిగ్గుపడాలి. పెళ్ళినాటి నుంచీ తోడున్న చుట్టను ఒక్క రోజులో వదిలేసింది. నాలిక పీకినప్పుడల్లా లేచి నడిచేది. ఆ లెక్కన చాలా నడిచింది. మొదట గుమ్మం దాకా, తర్వాత వీధి మలుపు దాకా, ఆ తర్వాత నన్ను బస్సెక్కించడానికి. పచ్చిమిరపకాయను చేతిలోకి తీసుకుని, వాసన చూసి, "పోవే, నీకూ నాకూ తీరిపోనాది" అని పక్కన పెట్టేసేది. కర్మాగారం సైరన్ కూస్తే అన్నం, చీకటి పడి కాసేపైతే నిద్ర. బిందె దగ్గరికి చెయ్యి పోతే తన చేతిని తానే కొట్టుకునేది. నేనైతే మూడో రోజునే మిరపకాయ బజ్జీల బండి వెనకాల దొరికిపోయేదాన్ని.

అంత పథ్యం ఆవిడ చేస్తుంటే, గొప్పంతా నా నీళ్ళదే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా? నానీతో చెప్పాను. నానీ ఇరుగుపొరుగులకు చెప్పింది, వాళ్ళు పేటంతా చెప్పారు. మోకాళ్ళ నొప్పివాళ్ళు, గ్యాసువాళ్ళు, కూతురికి సంబంధం కుదరనివాళ్ళు కూడా చెంబులతో బావి దగ్గర చేరారు. నా పేరు "దవావాలీ బహూ", అంటే మందుల కోడలు, అయింది. నేను బావి గట్టు ఎక్కి, కొత్తగా నేర్చిన హిందీలో, "ఖాలీ కడుపున! కూర్చుని! గుటక గుటకగా!" అని మోతాదులు చెప్పడం మొదలుపెట్టాను. పట్నంలో పెద్దాసుపత్రి ఒకటుందని జనం మరిచిపోతారేమోనని నాకే భయం వేసింది.

మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళాం. ఆ రోజు డాక్టరు నోట్లో తమలపాకు లేదు. అత్తగారి పొట్ట చూసి, "బఢియా! ఇంత చక్కగా మానడం అరుదు. మూంగ్ కా పానీ ఇచ్చావా?" అన్నాడు.

మూంగ్ అంటే పెసరపప్పని నానీ నాకు నేర్పి వారమైంది. అయినా నా నోరు ఆగలేదు. "రోజూ ఇచ్చాను డాక్టర్ సాబ్, బ్రిడ్జి దాటి తెచ్చాను" అనేశాను.

"పెసరపప్పుకు బ్రిడ్జి ఎందుకు దాటావు? ప్రతి కొట్టులోనూ ఉంటుందే!"

అప్పుడు తెలిసింది. చెవుల్లో కర్మాగారం సైరన్లన్నీ ఒకేసారి కూశాయి. పక్కన మా అత్తగారు కుర్చీలో వంగిపోయి, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతూ నవ్వుతోంది. నేను కంగారుగా "కుట్లు, కుట్లు" అన్నాను. "నవ్వనీ అమ్మా, ఇక ఊడవు" అన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక నిలదీశాను. "నీకు ముందే తెల్సా, అత్తా?"

"ఆసుపత్రిలోనే ఇన్నాను."

"మరి పెసరకట్టు?"

"నువ్వు బస్సెక్కగానే నానే ఉడకెట్టుకు తాగీదాన్ని."

పప్పు తరిగిపోతోందని నేను ఎలుకలను తిట్టని రోజు లేదు! "మరి నాను మోసుకొచ్చిన నీళ్ళు?"

"పెరట్లో మిరప మొక్కలకి పోసినాను. ఏం కాసినాయనుకున్నావు!"

"నాకెందుకు సెప్పలేదు?"

ఆవిడ నవ్వు ఆపి, నా చెంగు సర్దింది. "సెప్తే గుమ్మం దాటుదువా? కిటికీ కాడ ఏడుత్తా కూకుందువు. డాక్టరు నాకు నడక రాసినాడు. నీకెవులు రాత్తారే? నానే రాసినాను."

ఆవిడ చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించానని చెప్పుకునేదాన్ని గానీ, నిజానికి ఆవిడే నా చెయ్యి పట్టుకుంది.

అయినా బావి దగ్గరి జనానికి నిజం చెప్పాలి కదా. మర్నాడే వెళ్ళి నానీని పక్కకు పిలిచి, "తప్పైపోయింది నానీ. డాక్టరు చెప్పింది మాంగో కాదు, మూంగ్. మీ బావిలో ఉన్నవి ఉత్త నీళ్ళు" అన్నాను.

నానీ అటూ ఇటూ చూసి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మెల్లగా, బేటీ! రోజూ అల్లంత దూరం నుంచి నడిచి రావడంతో అందరి మోకాళ్ళూ బాగుపడుతున్నాయి. పెసరపప్పు అని చెప్పావంటే ఇంట్లోనే కూర్చుంటారు!"

ఆ బావి గట్టు మీదే, చెంబుల సాక్షిగా, కుడిచెయ్యి ఎత్తి ఒట్టు వేసుకున్నాను. ఈ జన్మలో ఏ డాక్టరు ఏ మందు చెప్పినా ముందు వంటింటి డబ్బాల్లో వెతుకుతాను. అక్కడ దొరక్కపోతేనే బస్సెక్కుతాను.