ఊరి కబుర్లలో కోరిన్

షికాగో అద్దెలతో వేసారిన కోరిన్ హాడాక్స్, కాన్సస్‌లో ఓ చిన్న ఊరికి మారింది. బీమా కాగితాలు సరిచూసే ఉద్యోగం ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. పైగా బయటి రాష్ట్రం నుంచి ఆ కౌంటీకి వచ్చి స్థిరపడితే ఐదేళ్లు రాష్ట్ర ఆదాయపు పన్ను మాఫీ.

ఆ ఊళ్లో ఆమెకు గిట్టనిది ఒక్కటే. పక్కింటి ముసలావిడ వెర్లా వారపత్రికకు ఊరి కబుర్లు రాసేది. చర్చి విందుకు కోరిన్ తెచ్చిన బంగాళాదుంపల వంటకం మాడిందని జనవరిలోనే అచ్చేయించింది. అప్పట్నుంచీ వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు పన్ను ఆఫీసు, జనవరి నుంచి అక్కడే ఉంటున్నట్టు ఆధారం పంపమంది. ఇల్లు నోటిమాట మీద అద్దెకు తీసుకున్నది, కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరున వస్తుంది. వేరే దారి లేక, పంతం పక్కనబెట్టి కోరిన్ వెర్లా తలుపు తట్టింది.

వెర్లా పాత పత్రికల కట్ట బల్ల మీద పడేసింది. “నీ గురించి రాయని వారం లేదమ్మాయ్. మంచులో జారిపడ్డావు, నీ కుక్క పాస్టర్ గారి బూటు ఎత్తుకెళ్లింది. అన్నీ తేదీలతో ఉన్నాయి.”

“ఆ మాడిన వంట కూడా పంపాలాండీ?”

“అది లేకపోతే జనవరి ఎక్కణ్ణుంచి తెస్తావ్?”

మూడు వారాలకు మాఫీ ఖాయమైందని ఉత్తరం వచ్చింది. ఆ ఆదివారం చర్చి విందుకు కోరిన్ అదే వంటకం చక్కగా వండి తీసుకెళ్లింది. పత్రిక రాగానే తిరగేసి, తిన్నగా పక్కింటికి వెళ్లింది.

“ఈ వారం నా పేరు లేదేంటండీ?”