చెయ్యెత్తమన్న టీచరమ్మ

మా కుట్టు టీచరమ్మ చనిపోయిందని పోయిన వారం కదిరి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది నాతోపాటు హాస్టల్లో చదువుకున్న స్నేహితురాలు. నేను తనకల్లులో నా కుట్టు అంగట్లో ఎవరిదో జాకెట్టు కత్తిరిస్తున్నాను. అవతల ఆమె ఏడుస్తుంటే, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి చంక వంపు చివరిదాకా కత్తిరించాను. గీత మీద నుంచి కత్తెర పక్కకు పోలేదు. ఏం జరుగుతున్నా చెయ్యి వణకకూడదని నేర్పింది ఆ పోయిన మనిషే.

బడిలో పెట్టిన సంతాప సభకు వెళ్ళాను. కన్నతల్లిలా చూసుకుందని ఒకరి తర్వాత ఒకరు లేచి చెప్పారు. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలని నాకూ తెలుసు. కానీ మీరు ఆమెను చూడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే మీరు వేరే ఎవరి గురించో చదివినట్టవుతుంది. మా టీచరమ్మ నోరు మంచిది కాదు. చేతిపని మాత్రం బంగారం.

మాది ఆడపిల్లల హాస్టల్. అందరం వానలు మొహం చాటేసిన పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. ఏడాదికోసారి ఎవరో దాతలు పంపిన బట్టల మూటలు దిగేవి. పట్నం పిల్లలు వేసుకుని వదిలేసిన గౌన్లు, చేతుల్లేని చొక్కాలు. కడుపునిండా తిని పెరిగిన పిల్లల కొలతలవి. మా ఒంటి మీద దండేనికి ఆరేసినట్టు వేలాడేవి. మిగతా చోట్ల ఎలా ఉన్నా సర్దుకోవచ్చు, చంకల దగ్గరే తంటా. చేతులు దించి నిలబడితే బాగానే ఉంటుంది. పైనున్న పుస్తకం కోసం చెయ్యి చాపితే పక్క నుంచి లోపలంతా కనబడేది.

అందుకే ఆ బట్టలు మా చేతికి రాకముందు ఆమె పరీక్ష దాటాలి. వరండాలో స్టూలు ఎక్కించేది. చెయ్యెత్తమనేది, దిగి నేల మీది గ్లాసు వంగి తియ్యమనేది, ఎగరమనేది. తను పక్కన నిలబడి, సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, పళ్ళ మధ్య దారం కొరుకుతూ చూసేది. చంకకూ గుడ్డకూ మధ్య రెండు వేళ్ళు దూరాలి. మూడో వేలు దూరిందంటే ఆ పిల్ల పని అయిపోయినట్టే.

"యాడికే ఈ కిటికీలు తెరుచుకుని పోతాండావు?" అని అందరికీ వినబడేలా అడిగేది. "చెయ్యి దించుకుంటే అందరూ మర్యాదస్తులే. ఎత్తినప్పుడే తెలిసేది యెవురేమని."

స్టూలు మీదున్నది వేరే పిల్ల అయితే మేమూ నవ్వేవాళ్ళం. ఆ సంగతి సభలో ఎవరూ చెప్పలేదు.

తిట్టాక మాత్రం తిండి కూడా మరిచిపోయి కుట్టేది. పక్క కుట్టు విప్పి, చంక కింద చిన్న ముక్క వేసి, మళ్ళీ మూసేది. పక్కన నిలబడి చూసినా అతుకు ఎక్కడుందో తెలిసేది కాదు. పేరున్న టైలర్లకు కూడా ఆ పని రాదు. ఇప్పుడు నా అంగడికి పెళ్ళికూతుళ్ళు చేతుల్లేని జాకెట్లు కుట్టించుకోవడానికి వస్తారు. చెయ్యెత్తండమ్మా అంటాను. నా గొంతు నాకే నచ్చదు.

నేను కబడ్డీ ఆడేదాన్ని. తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా జట్టుకు ఎంపిక పోటీ వచ్చింది. అందులో పేరు పడితే క్రీడా హాస్టల్లో సీటు దొరుకుతుంది. ఆ ఏడు కూడా వేరుశనగ చేలోనే ఎండిపోయింది. నా చదువు మాన్పించి బెంగళూరులో కట్టడం పనికి తీసుకుపోతానని మా నాయన తేల్చేశాడు. ఆ సీటు ఒక్కటే ఆయన్ని ఆపగలిగేది. కాబట్టి నాకు అది ఆట కాదు.

ఆడే ముందు రోజు మా బడి జట్టుకు బనీన్లు వచ్చాయి. పసుపు రంగువి, చేతుల్లేనివి, పెద్దవాళ్ళ కొలతలవి. వరుసగా స్టూలు ఎక్కించింది. నా వంతు వచ్చాక చెయ్యెత్తాను. ఆమె రెండు వేళ్ళు కాదు, పిడికిలి దూర్చి అందరికీ చూపించింది.

"బనీను వదులు కాదే ఇది. నువ్వే దీనికి చాలవు. మీ ఇంట్లో యేమైనా పెడతారా, లేదా?"

పిల్లలు గొల్లుమన్నారు. నేను ఏడిస్తే ఇంకా ఆలస్యమవుతుందని ఏడవలేదు. విప్పడానికి టైం లేదని ఒంటి మీదే సూదితో కుట్టడం మొదలుపెట్టింది. సగంలో ఉండగా డ్రిల్లు సారు వరండాలోకి వచ్చి జట్టు పేర్లు రాసుకుంటూ నిలబడ్డాడు.

"దించు చెయ్యి! సారుండేది కనపడ్లేదా?" అంది నాతో, గొంతు తగ్గించి.

దించాను. అలాగే, దించిన చెయ్యికే, మిగతా కుట్టంతా వేసేసింది. చెయ్యెత్తించకుండా ఎవరి బట్టా వదలని మనిషి, పరాయి మగవాడు ఉన్నాడని ఆ ఒక్కసారి వదిలేసింది. ఆయన వెళ్ళాక భోజనం గంట కొట్టారు. మళ్ళీ ఎత్తి చూపమని ఆమె అడగలేదు. నాకైనా తట్టలేదు.

మరునాడు మైదానంలో కూతకు వెళ్ళాను. మూలనున్న పిల్లను తాకడానికి చెయ్యి చాపితే బనీను పట్టేసింది. బలంగా చాపాను. చంక నుంచి నడుం దాకా కుట్టు పర్రున తెగిపోయింది. ఇంకో జానెడు దూరంలో ఆ పిల్ల భుజం ఉంది.

"చెయ్యి దించుకోవే!" అని గీత బయట నుంచి టీచరమ్మ అరిచింది.

ఆ గొంతు వింటే నా చెయ్యి దానంతటదే దిగిపోయేది. దిగింది. నలుగురూ కలిసి నన్ను పట్టేశారు. జట్టు ఓడింది, జాబితాలో నా పేరు లేదు.

తన తప్పని ఆమె ఎన్నడూ అనలేదు. వారం తర్వాత మా నాయన నన్ను తీసుకుపోవడానికి వస్తే గేటు దగ్గరే ఆపింది. "ఏమప్పా, ఆటకైతే పనికిరాలేదు నీ కూతురు. మిషన్‌కు పనికొస్తాదేమో చూస్తా. ఈడనే ఉండనీ" అంది. ఆయన ఆమె నోటికి భయపడి వెళ్ళిపోయాడు. నేను బెంగళూరులో ఇటుకలు మోయలేదంటే ఆమె వల్లే. ఈరోజు తింటున్న అన్నం ఆమె పెట్టిందే. అయినా క్షమించలేదు. రెండూ నిజమే.

రెండు నెలల కిందట ఆమెకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిందని తెలిసి ఆసుపత్రికి వెళ్ళాను. చూసుకుంటున్న చెల్లెలి కూతురు నన్ను కూర్చోబెట్టి టీ కోసం వెళ్ళింది. మంచం మీద ఆమె సగానికి సగం తగ్గిపోయింది. ఎవరిదో చేతుల్లేని నైటీ వేశారు. మోచేతుల దాకా జాకెట్టు లేకుండా నేనెన్నడూ చూడని మనిషి. చంక దగ్గర గుడ్డ జారి పక్కంతా బయటపడింది. పక్క మంచం రోగి కోసం మగవాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు.

"ఏమ్మే, పిన్నీసు ఉండాదా?" అని అడిగింది. మాట ముద్దగా వచ్చినా అర్థమైంది.

"లేదు టీచర్" అన్నాను.

నా గాజుకు మూడు పిన్నీసులు వేలాడుతున్నాయి. ఆమె గాజును చూసింది, తర్వాత నా మొహం చూసింది. నాకు సంతోషం కలిగింది. సిగ్గు తర్వాత, బస్సెక్కాక వచ్చింది. అది ఇప్పటికీ పోలేదు.

బత్తాయి ఒలిచి పెట్టి లేచాను. తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాను. ఆమె ఎడమ చెయ్యిని రొమ్ము మీదుగా అవతలికి చాపి, కుడి చంక దగ్గర గుడ్డను గుప్పిట్లో పోగుచేసి పట్టుకుంది. పక్క మంచం దగ్గరికి ఇద్దరు మగవాళ్ళు క్యారియర్ తెచ్చారు. మందుల మత్తుకు ఆమె కళ్ళు మూతపడుతున్నాయి, వేళ్ళు వదులవుతున్నాయి. ఉలిక్కిపడి కళ్ళు తెరిచి మళ్ళీ బిగిస్తోంది.