కాగితం టిక్కెట్టు ఉన్నన్నాళ్ళూ

లాండ్రీలో ఆమెను అందరూ మడతలమ్మ అనేవాళ్ళు. హోటళ్ళ నుంచి వచ్చిన దుప్పట్లు ఉతికి ఆరాక మడతపెట్టడం ఆమె పని. పెద్ద దుప్పటి మడతపెట్టడం ఒక్కరివల్ల అయ్యేది కాదు. ఇద్దరు చెరో పక్కా కొసలు పట్టుకుని, లాగి దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి కలపాలి. అవతలి కొసలు పట్టుకునేది పొడుగక్క. మనిషి నిచ్చెనంత, నోరు అంతకన్నా పొడుగు. కొసలు కలిసినప్పుడల్లా ఓ మాట, విడిపోయినప్పుడల్లా ఓ నవ్వు. అలాగే ఏళ్ళు గడిచిపోయాయి ఇద్దరికీ.

మడతలమ్మది రెండో కాపురం. మొదటాయన పెళ్ళైన కొత్తలోనే జ్వరం తగిలి పోయాడు. ఆయన పోయాక అత్తయ్య ఆమెను పుట్టింటికి పొమ్మనలేదు. "నా కొడుకు పోతే నువ్వెందుకు పోవాలే" అని తన మంచం పక్కనే ఇంకో మంచం వేసింది. అత్తయ్య నోరు మంచిది కాదు. కోడలు ఎంత బాగా వండినా "ఆకలి మీదున్నాను గనక దిగింది" అనేది. అలా అంటూనే గిన్నె ఖాళీ చేసేది. చివరికి కోడలికి రెండో పెళ్ళి చేసిందీ ఆవిడే. "నా ముసలితనానికి కాపలా కాస్తూ కూచుంటావా కోడలు పిల్లా? పో, పోయి బతుకు" అని గదమాయించి మరీ సాగనంపింది.

రెండో ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నెమ్మదైన మనిషి. గట్టిగా ఒక మాట అని ఎరగడు. పెళ్ళికి ముందు మాత్రం ఒకటి అడిగాడు.

"ఆ ఇంటితో ఇక రాకపోకలు వద్దు. బతికున్నవాడితో అయితే పోటీ పడతాను. పోయినవాడితో నావల్ల కాదు."

ఆ మాటలో కోపం లేదు, భయం ఉంది. అందుకే ఆమె కాదనలేకపోయింది. అత్తయ్యకి చెబితే, "మాటిచ్చావుగా, నిలబెట్టుకో. ఇటు తొంగిచూశావంటే కాళ్ళు విరగ్గొడతాను" అంది.

చాలాకాలం నిలబెట్టుకుంది. ఒకరోజు పాత వీధిలో పాలు పోసే మనిషి బజార్లో ఎదురుపడి చెప్పాడు. అత్తయ్య స్నానాలగదిలో జారిపడిందట. తుంటి విరిగిందట. చూసే దిక్కులేక ఎవరో తీసుకెళ్ళి వంతెన అవతల వృద్ధాశ్రమంలో చేర్పించారట.

ఆ బుధవారమే బయల్దేరింది. బుధవారాలు లాండ్రీకి దుప్పట్లు తక్కువొస్తాయి, మధ్యాహ్నం నుంచి సెలవు. ఆ సెలవు సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ అప్పటిదాకా రాలేదు.

ఆశ్రమం గేటు దగ్గర "ఏమవుతారమ్మా మీరు?" అని అడిగారు. కోడల్ని అనబోయి నాలిక కరుచుకుంది. "తెలిసినదాన్ని" అంది. ఫోన్ నంబరు అడిగితే లేదంది. అది అబద్ధం కాదు. ఇంటికంతటికీ ఉన్న ఫోను ఒక్కటే, అది ఆయన జేబులో ఉంటుంది.

అత్తయ్య మంచంలో సగానికి సగం అయిపోయి ఉంది. ఈమెను చూడగానే కళ్ళు చిట్లించి, "కాళ్ళు విరగ్గొడతానన్నాను కదే" అంది.

"ముందు మీవే విరిగాయిగా అత్తయ్యా."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు నవ్వుతూనే ఏడుపులోకి జారిపోయారు.

అప్పట్నుంచి బుధవారం తప్పలేదు. వెళ్ళి తల దువ్వేది, గోళ్ళు తీసేది, బత్తాయి వలిచి గింజలు ఏరి ఒక్కో తొన నోట్లో పెట్టేది. "ఈ పుల్లటివి ఎక్కడ దొరుకుతాయే నీకు" అంటూ ఆవిడ ఇంకో తొనకి నోరు తెరిచేది. వస్తూపోతూ కండక్టరు చింపిచ్చిన కాగితం టిక్కెట్టు బస్సు దిగీదిగగానే ఉండచుట్టి పడేసేది. ఎక్కడ ఎక్కిందీ ఎక్కడ దిగిందీ ఆ ఉండతోనే పోయేది.

ఒక సాయంత్రం ఆయన జేబులోంచి ఓ కార్డు తీసి ఆమె చేతిలో పెట్టాడు. నీలం రంగుది, కొత్త వాసన వేస్తోంది.

"ఇక లైన్లో నిలబడక్కర్లేదు. చిల్లర కోసం కండక్టరుతో గొడవపడక్కర్లేదు. మిషనుకి ఆనిస్తే చాలు, కుయ్‌మంటుంది."

ఆమె సంబరపడింది కూడా. అప్పుడు ఆయన ఫోను తీసి చూపించాడు.

"దీనికి నా నంబరే ఇచ్చాను. నువ్వు ఎక్కినా దిగినా నాకు మెసేజ్ వస్తుంది. ఏ వేళప్పుడు ఎక్కడున్నావో అన్న బెంగ ఉండదిక."

ఆయన నిజంగా బెంగతోనే అన్నాడు. ఆమెకు మాత్రం బుధవారాలు గుర్తొచ్చాయి.

కొన్నాళ్ళు రెండూ నడిచాయి, కార్డూ కాగితమూ. మిగతా రోజులన్నీ కార్డు. బుధవారం మాత్రం కాగితం టిక్కెట్టుతో వంతెన దాటి, కాగితం టిక్కెట్టుతోనే తిరిగి లాండ్రీ స్టాపులో దిగి, అక్కణ్ణుంచి కార్డు ఆనించి ఇంటికి వెళ్ళేది. ఆయన ఫోనుకి మామూలు మెసేజే వెళ్ళేది. పొడుగక్కకి ఇదంతా తెలుసు. "దొంగలు కూడా ఇంత కష్టపడరే తల్లీ" అనేది దుప్పటి అవతల్నుంచి.

ఆ తర్వాత బస్సుల మీద పెద్ద అక్షరాలతో నోటీసు పడింది. నెలాఖరు నుంచి కాగితం టిక్కెట్లు ఉండవు.

ఆమె కార్డులిచ్చే కౌంటరుకి వెళ్ళి ఇంకో కార్డు కావాలంది. కౌంటరు గుమాస్తా ఆమె గుర్తింపు కార్డు చూసి, కంప్యూటరు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"మనిషికి ఒకటేనమ్మా. మీ పేరున ఆల్రెడీ ఉంది."

"అది ఇంటికి వెళ్ళిరావడానికి. ఇంకోటి..."

"ఒకే మనిషి రెండు బస్సులెక్కుతారా ఏంటి?" అని నవ్వి, వెనకవాళ్ళని రమ్మన్నాడు.

పొడుగక్కే తన కార్డు తీసిచ్చింది. "వెళ్ళిరా. కార్డు లేందే నేనూ ఇంటికి పోలేను గదా, నువ్వొచ్చేదాకా ఇక్కడే మెట్లమీద కూచుంటాను" అంది. మొదటిసారి బాగానే జరిగింది. రెండోసారి వంతెన మీద ఏదో లారీ అడ్డంగా ఆగిపోయి, బస్సు కదల్లేదు. మడతలమ్మ పరుగున లాండ్రీకి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటిపోయింది. పొడుగక్క కార్డు తీసుకుని గబగబా వెళ్ళిపోయింది. మర్నాడు తెలిసింది, బడి నుంచి వచ్చిన ఆవిడ చిన్నకూతురు తాళం వేసిన తలుపు ముందు ఒక్కతే చీకట్లో ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయిందట. పొడుగక్క పల్లెత్తు మాట అనలేదు. ఆ నోరు మూసుకోవడం చూశాక, మళ్ళీ కార్డు అడగడానికి మడతలమ్మకి నోరు రాలేదు.

ఇక నడిచి వెళ్ళే దూరం కాదు. ఆయనతో చెప్పేద్దామని అనుకున్న రోజులున్నాయి. అన్నం వడ్డిస్తూ నోటిదాకా తెచ్చుకునేది. ఆయన తలెత్తి "ఏంటి?" అనేవాడు. "కూర వెయ్యనా?" అని అడిగేది. ఒక బుధవారం మానేసింది. వచ్చే వారం ఏదో దారి చూద్దామనుకుంది. ఆ వారమూ అలాగే పోయింది. తర్వాత్తర్వాత ఆశ్రమం తలపుకొస్తే గబగబా వేరే పనిలో పడేది. అత్తయ్య తనని తిట్టుకుంటూ ఉంటుందిలే అనుకునేది. తిట్టుకుంటోందీ అంటే బాగానే ఉన్నట్టు కదా అని సర్దిచెప్పుకునేది.

చివరికి ఒక బుధవారం, దుప్పటి కొసలు కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

"వెళ్తానక్కా. నా కార్డుతోనే వెళ్తాను. ఏమైతే అదవుతుంది."

పొడుగక్క ఆమె మొహం చూసి, "వెళ్ళు" అంది.

వంతెన వైపు బస్సెక్కి కార్డు ఆనించింది. కుయ్‌మంది. ఆయన జేబులోనూ ఈపాటికి మోగి ఉంటుంది. చిత్రం, భయం వెయ్యలేదు. ఒళ్ళు తేలికైనట్టనిపించింది. ఈసారి గేటు దగ్గర ఎవరడిగినా కోడల్నని చెప్పాలనుకుంది.

ఎవరూ అడగలేదు. అత్తయ్య మంచం మీద ఇంకెవరో పడుకుని ఉన్నారు. ఆయా చూసి దగ్గరికొచ్చింది.

"ఇన్నాళ్ళూ ఏమైపోయారమ్మా? పెద్దావిడ పోయి నెల దాటింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మీకు చెబుదామంటే నంబరు లేదు."

మడతలమ్మ బత్తాయిల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"చివర్లో మతి చెదిరింది పాపం" అంది ఆయా. "'మా కోడలు పిల్లని పిలవండి, మా కోడలు పిల్లని పిలవండి' అని ఒకటే పలవరింత. ఆవిడకి కోడలెక్కడుందమ్మా? ఉంటే మాకు తెలియదా? సరే పిలుస్తాం, పడుకో మామ్మా, అని జోకొట్టేవాళ్ళం."

నేనే ఆ కోడల్ని అని అప్పుడు చెప్పి మాత్రం ఏం లాభం? చివరి పనులన్నీ ఆశ్రమం వాళ్ళే చేయించారట. బట్టలూ దువ్వెనా మిగతావాళ్ళకి పంచేశారట. గుర్తుగా దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. బత్తాయిలు ఆయా చేతిలో పెట్టి బయటికొచ్చేసింది.

ఇంటికి వచ్చేసరికి ఆయన కుర్చీలో కూచుని ఉన్నాడు. ఎదురుగా బల్లమీద ఫోను.

"వంతెన అవతల దిగావు. ఎవరున్నారక్కడ?"

నిలబడే చెప్పింది మొత్తం. పాలు పోసే మనిషి దగ్గర్నుంచి ఆయా మాటల దాకా. ఆయన అడ్డు రాలేదు.

"నాతో చెప్పి ఉంటే..." అని ఆగాడు. ఆమె ఆ మాట కోసం ఎదురుచూసింది. తీసుకెళ్ళేవాణ్ణి అంటాడేమో అనుకుంది. అన్నా కూడా తట్టుకోలేనేమో అనుకుంది.

"చెప్పి ఉంటే వద్దనేవాణ్ణే. అబద్ధమెందుకు" అన్నాడు ఆయన.

లేచి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాడు. ఆమె అందుకోలేదు. ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

కొద్దిరోజులకి కార్డు కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి మెసేజ్‌లు ఆపించేశాడు. "నీకెక్కడికి వెళ్ళాలంటే అక్కడికి వెళ్ళు, నన్నడగొద్దు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆమె తలూపింది. ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. పోట్లాట లేదు. ఉప్పు అందించమనడం, తలుపు వేశావా అనడం, అంతవరకే.

నెల తిరిగాక ఆమె లాండ్రీ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి బుధవారం అరపూట సెలవు తనకొద్దంది. పొడుగక్కకి ఒళ్ళు మండింది.

"పిచ్చి పట్టిందా? అరపూట ఎవరైనా వదులుకుంటారా? ఇంటికెళ్ళి ఒళ్ళు వాల్చుకో."

"ఇంట్లో ఏం చెయ్యనక్కా."

పొడుగక్క చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. బుధవారం మధ్యాహ్నాలు మడతలమ్మని మరకల గదిలో వేశారు. దిండు గలీబులు ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి, మరక ఉన్నవి పక్కకి తీసి, సబ్బు రుద్ది నానబెట్టాలి. అది ఒక్కరు చేసుకునే పని.